ఒరిజినల్స్ అడిగిన పెళ్లివారు

ఉదయం ఏడింటికి జిలానీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా కూతురు అతియాతో కార్ఖానా ప్రాంతంలోని నర్సింగ్ హోంకు వెళ్లాలి. అక్కడి ఇనప బీరువాలో ఉన్న ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోవాలి. మధ్యాహ్నం మూడింటిలోపు బేగంపేటలో ఎమ్మెస్సీ నర్సింగ్ ప్రవేశాలు జరుగుతున్న కేంద్రానికి చేరి వాటిని బల్ల మీద పెట్టాలి. అంతే. సీతాఫల్‌మండి నుంచి ఆటో ఎక్కితే భోజనం వేళకు తెమిలిపోవలసిన పని. కానీ తేలికగా కనిపించే సరుకే మోసేటప్పుడు బరువని, ముప్పై ఏళ్లుగా సికింద్రాబాద్ స్టేషన్ ఎదురు వీధిలో సూట్‌కేసులు అమ్ముతున్న జిలానీకి తెలుసు. అందుకే చేతిలో చాయ్ చల్లారిపోతున్నా తాగలేదు.

భయపడడానికి కారణం ఉంది. అతియా ఆ నర్సింగ్ హోంలో మూడేళ్లుగా స్టాఫ్ నర్సు. చేరిన రోజునే నర్సుల ఒరిజినల్స్ అన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేయడం అక్కడి పద్ధతి. కాగితాలు లోపలుంటే మనిషి బయటికి పోదని మేనేజరు సత్యదేవ్ సిద్ధాంతం. తాళంచెవి ఆయన నడుముకే వేలాడుతుంది. నిరుడు హదస్సా అనే నర్సు వెళ్లి, ఎమ్మెస్సీ సీటు వచ్చింది, కాగితాలు ఇవ్వండి అని ఉన్న నిజం చెప్పింది. ఆ క్షణం నుంచి తాళంచెవి కనబడలేదు. తొమ్మిది రోజులు వెతికారు. సీటు గడువు ముగిసిన మర్నాడు పొద్దున అది సత్యదేవ్ నడుముకే దొరికింది.

అతియా ఫోన్‌కు నిన్న సాయంత్రం సందేశం వచ్చింది. వెరిఫికేషన్‌కు ఇవాళే ఆమె వంతు. మూడు గంటలలోపు ఒరిజినల్స్ చూపకపోతే సీటు తర్వాతి ర్యాంకు వాళ్లకు పోతుంది. రెండేళ్లు డ్యూటీల మధ్య, ఇంజెక్షన్ ట్రే పక్కన పుస్తకం పెట్టుకుని సంపాదించిన ర్యాంకు అది.

"అబ్బా, నిజమే చెప్పేస్త. కాళ్లు పట్టుకోనైన అడుగుత," అంది అతియా తండ్రితో. 

"పాగల్‌దానా, రైలుకు టైమైందని చెప్పిన గిరాకీకి నేను ఎప్పుడన్న అగ్గువకు ఇచ్చిన్నా? టికెట్ జేబుల దాచుకున్నోడే బేరం ఆడతడు. మన అవసరం వాళ్లకు తెల్వొద్దు."

"మరేం చెప్తరు? జెర సోంచాయించి చెప్పుండ్రి. నాకైతే గుండె దడదడ అంటున్నది," అంది భార్య షాహీదా.

జిలానీ ఆలోచించాడు. ఆడపిల్ల కాగితాలు అడగడానికి ఈ ఊళ్లో ఎవరూ ప్రశ్నించని కారణం ఏది? ఆలోచన వచ్చిన వెంటనే, అది పాతబడేలోపు, సత్యదేవ్‌కు ఫోన్ కలిపాడు.

"సార్, ఖుషీ ఖబర్. మా అతియాకు సంబంధం వచ్చింది. పిల్లగాని తరఫు మనుషులు జెర పట్టుదలోళ్లు. పిల్ల నిజంగ నర్సేనా, చదువు అసలా నకలా అని కాయితాలు చూస్తరంట. ఒక్క పూట ఇస్తే సాయంత్రానికి తెచ్చి మీ చేతిల పెడ్త."

"శుభం జిలానీ గారూ! కానీ ఒరిజినల్స్ గేటు దాటవు, అది రూల్," అన్నాడు సత్యదేవ్ ఎంతో ఆప్యాయంగా. "ఒక పని చేయండి. వాళ్లనే ఇక్కడికి తీసుకొచ్చేయండి. నా క్యాబిన్‌లో కూర్చోబెట్టి నేనే చూపిస్తా. టీ బిస్కెట్లు కూడా మావే. పదకొండింటికి రమ్మనండి."

జిలానీ ఫోన్ పెట్టేసి గోడ గడియారం వైపు చూశాడు. ఎనిమిదీ పది. పుట్టని పెళ్లివారు మూడు గంటల్లోపు పుట్టి, పెద్దవాళ్లై, కార్ఖానాకు చేరాలి.

రెండు గల్లీల అవతల ఉండే చెల్లెలు నిఖత్‌ను పిలిపించారు. బంధువుల్లో ఎవరి ఇంట పెళ్లిచూపులు జరిగినా ముందు వరసలో కూర్చుని, పిల్ల నడకను, వంటను, గొంతును తూచే మనిషి ఆవిడ. సంగతి విని ఏమాత్రం బెదరలేదు.

"మేనకోడలి సీటు కోసం ఒక్క పూట అత్తనైతే ఏం పోతది భాయ్‌జాన్. కానీ నేనేం అడగాలె? ఊకె కూసుంటే పిల్లగాని తల్లి అనుకుంటరా?"

అతియా దగ్గర ప్రవేశాల పుస్తకం ఉంది. ఏయే కాగితాలు తేవాలో అందులో వరసగా రాసి ఉంది. వాటిలో రెండు ఆమె దగ్గరా లేవు, బీరువాలోనూ లేవు. ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసినట్టు ఆసుపత్రి ఇచ్చే అనుభవ పత్రం ఒకటి, ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు రాసిచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఒకటి. ఎలాగూ అంతదూరం పోతున్నప్పుడు ఒక సరుకుకు రెండు ట్రిప్పులు ఎందుకని జిలానీకి అనిపించింది. అక్కడే లెక్క తప్పింది.

"మొత్తం చీటీ రాసియ్యి. మీ ఫుప్పు అన్నీ అడుగుతది," అన్నాడు నిఖత్ వైపు చూపిస్తూ.

అతియా జాబితా మొత్తం రాసిచ్చింది. నర్సుకు ఏ గీతా వదిలే అలవాటు ఉండదు గనక అడుగున ఉన్న గమనిక కూడా రాసింది: మధ్యాహ్నం మూడు గంటల తర్వాత స్వీకరించబడవు.

ఇక కాగితాలు గేటు దాటే ఉపాయం. పిల్లవాడి తండ్రికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేడు, కింద ఆటోలో కూర్చున్నాడు, ఆయనకు చూపించి తెస్తామని ఫైలు పట్టుకుని దిగాలి. దిగినవాళ్లు దిగినట్టే ఆటో ఎక్కాలి. ఇంజను ఆపొద్దని ఆటోవాలాకు ముందే చెప్పి ఉంచారు.

"అబ్బా, ఇది దొంగతనం," అంది అతియా ఆటోలో.

"మన సరుకు మనం తెచ్చుకునుడు దొంగతనం ఎట్లైతది?"

"పట్టుకుంటే?"

 జిలానీ దారి పొడవునా నోట్లో దువా చదువుతూనే ఉన్నాడు.

సత్యదేవ్ క్యాబిన్ మొదటి అంతస్తులో ఉంది. ఆయన మనస్ఫూర్తిగా ఆహ్వానించాడు. పిల్లవాడి తండ్రి మోకాళ్ల నొప్పులతో కింద ఆటోలోనే ఉండిపోయాడని జిలానీ రాగానే చెప్పాడు. వార్డు ఇన్‌చార్జి ఎమిలీ సిస్టర్ స్వయంగా టీ తెచ్చి, అతియాకు కాబోయే అత్తగారిని చూద్దామని ట్రేతో అక్కడే నిలబడిపోయింది. బీరువా తలుపు కిర్రుమని తెరుచుకుంది. మూడేళ్ల తర్వాత తన నీలిరంగు ఫైలును చూసిన అతియా గోడకు ఆనుకుని తల దించుకుంది. సిగ్గుపడుతోందని అందరూ అనుకున్నారు.

నిఖత్ కళ్లజోడు పెట్టుకుని చీటీ విప్పింది.

"పదో తరగతి మెమో. ఇంటర్‌ది. సరే. ఇగ బీఎస్సీ మార్కులు. యాభై ఐదు శాతం కన్న తక్కువ ఉండొద్దు."

"అరవై ఎనిమిది ఉందమ్మా," అన్నాడు సత్యదేవ్ తన సొంత కూతురి మార్కులు చెప్పినట్టు.

"ఒక్క ఏడాదివా, నాలుగేండ్లవి కలిపా?"

"కలిపే."

"అట్లైతే సరే. మా ఖాందాన్‌ల యాభై నాలుగున్నర అంటే సుత ఒప్పుకోరు."

సత్యదేవ్, ఎమిలీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిఖత్ వేలు చీటీ మీద కిందికి జరిగింది.

"కౌన్సిల్ల నర్సు రిజిస్ట్రేషన్ ఒక్కటే ఉంటే నడ్వది. మిడ్‌వైఫ్‌ది సుత ఉండాలె. రెన్యువల్ అయ్యుండాలె."

"కోడలికి మిడ్‌వైఫ్ రిజిస్ట్రేషన్ ఎందుకండీ?" ఎమిలీ ఉండబట్టలేక అడిగింది.

"రేపు మా ఇంట్ల కాన్పులు గావా?"

జిలానీ టీ కప్పును సాసరులో పెట్టాడు. సాసరు టకటకమంది. మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇగ ఈడ నౌకరీ చేసిన కాయితం. ఏడాదికి తక్కువ కాకుండ చేసినట్టు రాయాలె. లెటర్‌హెడ్ మీద, స్టాంపుతోని, చేరిన తారీఖుతోని."

"అమ్మాయి ఎదురుగానే ఉంది కదమ్మా. మూడేళ్ల నుంచి పనిచేస్తోందని నేనే చెప్తున్నా."

"నోటిమాటకు స్టాంపు ఉంటదా సార్? ఒక్క తావుల ఏడాది నిలబడ్డ పిల్లనా కాదా, అది తెల్వాలె గద. ఆరు నెలలకే పారిపోయేటోళ్లను తెచ్చుకుంటే ఎవరికి తక్లీఫ్?"

ఈ మాట సత్యదేవ్ గుండెకు తగిలింది. పదిహేనేళ్లుగా ఆయన పడుతున్న బాధ అదే. నర్సుల విషయంలో తనలాగే ఆలోచించే మనిషి ఒకరు తారసపడ్డారన్న గౌరవంతో, ఇంకో మాట లేకుండా తనే కంప్యూటర్ ముందు కూర్చుని అనుభవ పత్రం కొట్టి, సంతకం పెట్టి, గుండ్రటి స్టాంపు వేసి ఇచ్చాడు. అంతవరకు బేరం లాభంలోనే నడిచింది. లాభంలో ఉన్నప్పుడు లేచిపోవడం నిఖత్‌కు తెలియదు.

"ఫిట్‌నెస్," అంది. "కండ్లు, చెవులు, నడుం, ఒళ్లు అంత సక్కగున్నదని డాక్టర్ దస్కత్‌తోని కాయితం."

ఎమిలీ చేతిలో ట్రే ఖంగున బల్లకు తగిలింది. "ఏమ్మా, మీరు కోడల్ని వెతుకుతున్నారా, గేదెను కొంటున్నారా?"

"గేదెకైతే పండ్లు చూస్తరు. మేం పండ్లు అడగలే."

ఎమిలీ ముఖం ఎర్రబడింది. అతియా వైపు ఒక్క జాలి చూపు చూసి, ఖాళీ ఫిట్‌నెస్ ఫారం ఒకటి లాక్కుని, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆమె ఎక్కడికి వెళ్లిందో జిలానీకి అర్థం కాలేదు. అర్థం కానిది ఏదైనా ఆ గదిలో ప్రమాదమే.

"మంచి నడవడి కాయితం ఉన్నది. ఆఖరుకు మైగ్రేషన్ సర్టిఫికెట్," అంది నిఖత్ చీటీ చూస్తూ.

సత్యదేవ్ ఫైలు తిప్పుతున్న చెయ్యి ఆగింది. "మైగ్రేషనా? అది యూనివర్సిటీలు అడుగుతాయి. పెళ్లివాళ్లకు ఎందుకమ్మా?"

 అతియా కళ్లు మూసుకుంది. జిలానీ చూపు తాళంచెవి మీదికి పోయింది. ఈ క్షణంలో తాళంచెవి మాయమైతే మూడింటిలోపు దొరకదు, మూడు నెలలకైనా దొరకదు.

"పిల్ల ఆ ఇంట్లకెంచి ఈ ఇంట్లకు వస్తది గద సార్," అంది నిఖత్ తొణక్కుండా. "పాత తావుల పేచీ ఏం లేదని తెల్వద్దా? అట్లనే ఫోటోలు నాలుగు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తోని."

"పెళ్లికి ఒక్క ఫోటో చాలదా?"

"ఇంట్ల నలుగురం. ఒకరి చేతిలది ఒకరు గుంజుకోవద్దని."

సత్యదేవ్ కుర్చీలో ముందుకు వంగాడు. కళ్లు సన్నబడ్డాయి. "ఆ చీటీ ఒకసారి ఇటివ్వండమ్మా."

చీటీ అడుగున మూడు గంటల గమనిక ఉంది. అది చదివితే చాలు. చీటీ అందుకోవడానికి ఆయన చాపిన చెయ్యి బల్ల మీద సగం దూరం వచ్చింది. నిఖత్ దాన్ని నాలుగు మడతలు పెట్టి బుర్ఖా లోపలికి తోసేసింది.

"ఆడోళ్ల చీటీ పరాయి మగోళ్లు చూసే రివాజు మా దాంట్ల లేదు."

సత్యదేవ్ వెనక్కి తగ్గాడు. కానీ మనసులో ముల్లు దిగబడింది. ఫైలు మూసి చంకలో పెట్టుకుని లేచాడు. "పెద్దాయన కింద ఆటోలో ఉన్నారన్నారు కదా. పాపం, ఆయనకు నేనే చూపిస్తా. పదండి."

 ఆటోలో పెద్దాయన లేడు. పెద్దాయనే లేడు. ఉన్నదల్లా ఇంజను ఆపకుండా కూర్చున్న ఆటోవాలా. మెట్లు ఇరవై రెండు. మొదటి పది మెట్లు దిగేలోపు జిలానీ సొమ్మసిల్లి పడిపోదామా అని ఆలోచించాడు. కానీ అది ఆసుపత్రి. వెంటనే లేపేస్తారు. పదిహేనో మెట్టు మీద, పెద్దాయన కోపమొచ్చి వెళ్లిపోయాడని చెబుదామా అనుకున్నాడు. అప్పుడు ఫైలు మళ్లీ పైకి పోతుంది. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆలోచనలు అయిపోయాయి.

కింద మెట్ల ముందు దారికి అడ్డంగా డాక్టర్ వసుధ నిలబడి ఉంది. నర్సింగ్ హోం యజమానురాలు. ఆమె చేతిలో ఫిట్‌నెస్ ఫారం, ఆమె వెనక ఆయాసపడుతూ ఎమిలీ.

"నడుము గట్టిగా ఉందా అని సర్టిఫికెట్ అడిగింది ఎవరు?"

 వేషం వేసుకున్నాక మధ్యలో దిగితే అన్న పరువు పోతుందని నిఖత్ గడ్డం పైకెత్తింది. "నేనే. అడిగితే తప్పేంది?"

 డాక్టర్ అతియా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తిప్పింది. "నా వైపు చూడు. ఈ సంబంధం నీకు ఇష్టమేనా? భయపడకుండా చెప్పు."

అతియా తూచి చూసుకుంది. ఇష్టమే అంటే ఫైలు ఖాళీ ఆటో దగ్గరికి పోతుంది. ఇష్టం లేదంటే బీరువాలోకి పోతుంది. ఎటు పోయినా తన చేతికి రాదు. పొద్దుటి నుంచి బిగబట్టుకున్న భయం ఒక్కసారిగా ఏడుపై బయటికొచ్చింది.

"నాకు పెళ్లొద్దు మేడం. చదువుకుంట."

"ఏం చదువుతావు?"

"ఎమ్మెస్సీ. ర్యాంకు వచ్చింది. ఇయ్యాలే వెరిఫికేషన్. మూడింటి దాకనే."

ఆ గోడల మధ్య అతియా ఈ మాట నోరు తెరిచి చెప్పడం ఇదే మొదటిసారి. ఆ నిజం కూడా అబద్ధపు పెళ్లి నీడలోనే బయటపడింది. డాక్టర్ వసుధ జిలానీ వైపు తిరిగింది.

"మీరు తండ్రేనా? కూతురికి పీజీ ర్యాంకు వచ్చిన రోజున ఇలాంటివాళ్ల ముందు తెచ్చి నిలబెడతారా? పోలీసులను పిలవమంటారా?"

"వద్దు మేడం," అన్నాడు జిలానీ.  "నా బిడ్డను సదివిస్త. అల్లా మీద ఒట్టు."

"ఇప్పుడే తీసుకెళ్తారా?"

"ఇప్పుడే మేడం. ఈ నిమిషమే."

సత్యదేవ్ ఫైలును గుండెకు హత్తుకున్నాడు. "మేడం, మూడు నెలల నోటీసు లేకుండా... మన రూల్..."

"సత్యదేవ్ గారూ, మీ అమ్మాయికి ఇలాంటి అత్త తగిలితే మూడు నెలలు ఆగుతారా? ఫైలు ఆ పిల్ల చేతికివ్వండి."

మూడేళ్ల తర్వాత ఫైలు చేతులు మారింది. డాక్టర్ బయట వేచి ఉన్న రోగులను ఒంటిగంటన్నరకల్లా పంపేసి, అతియాను లోపలికి తీసుకెళ్లి, బీపీ, చూపు, బరువు అన్నీ నిజంగానే పరీక్షించి, ఫారం నింపి సంతకం చేసింది. "వాళ్లు అడిగారని కాదు. కాలేజీలో అవసరం పడొచ్చు. ఉంచుకో." తన కారులోనే దింపుతానని కూడా చెప్పింది. ఈ మనుషులు దారిలో మళ్లీ పిల్ల మనసు మార్చరన్న నమ్మకం ఆమెకు లేదు.

నిఖత్ అప్పుడైనా ఆటో ఎక్కి ఇంటికి పోవలసింది. కానీ అందరి ముందూ అన్ని చీవాట్లు తిన్నాక, ఆ అవమానం వేషానిదో తనదో ఆవిడకే తేడా తెలియలేదు.

"మరి మా సంబంధం సంగతేంది?" అంది.

డాక్టర్ ఫోన్ బయటికి తీసింది. "మీ అబ్బాయి పేరేంటి? నంబరు ఇవ్వండి. ఆ సంగతి ఆయనకే చెప్తా."

ఆ క్షణంలో కొత్త పేరు, కొత్త నంబరు పుట్టించేంత తెలివి నిఖత్‌కు మిగల్లేదు. ఏ తల్లికైనా కంఠతా వచ్చే నంబరు ఒకటే ఉంటుంది. "హుజైఫా," అని కన్నకొడుకు పేరు చెప్పి, పది అంకెలూ అప్పజెప్పింది.

కారు ప్యారడైజ్ కూడలి దాటి ట్రాఫిక్‌లో నిలిచింది. రెండు పది. ముందు సీట్లో జిలానీ, వెనక ఫైలును పసిబిడ్డలా పట్టుకుని అతియా. డాక్టర్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి నంబరు నొక్కింది. జిలానీ సీటు బెల్టును రెండు చేతులా పట్టుకున్నాడు. హుజైఫా బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేస్తాడు, చాలా నెమ్మదస్తుడు. వాడికి ఈ సంగతి అక్షరం తెలియదు. వాడు "అతియా మా మామ కూతురు గదా" అన్నాడంటే ఈ కారు ఇక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది.

"హలో, హుజైఫానా? నేను అమ్మాయి తరఫున మాట్లాడుతున్నా."

"ఏ అమ్మాయి మేడం?"

"అంటే ఎన్ని చోట్ల చూస్తున్నారు మీరు?"

"నాకు తెల్వది మేడం. మా అమ్మీ చూస్తది. చూసినంక చెప్తది."

జిలానీ ఊపిరి సగం వదిలాడు.

"మీ అమ్మగారు ఈరోజు ఏం చేశారో తెలుసా? అమ్మాయికి యాభై ఐదు శాతం మార్కులు ఉన్నాయా అని అడిగారు. నడుము గట్టిగా ఉందని డాక్టర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. చదువుకున్నవాడివి, నువ్వు ఆపొద్దూ?"

 అవతల ఆఫీసులో ఎవరో నవ్వుతున్న చప్పుడు వినిపించింది.

"సారీ మేడం," అన్నాడు హుజైఫా చిన్న గొంతుతో. "అమ్మీ అట్లనే అడుగుతది."

"ఈ సంబంధం మాకు వద్దు. మళ్లీ ఆ అమ్మాయి జోలికి రావొద్దు."

"రాను మేడం."

డాక్టర్ ఫోన్ పెట్టేసి, తృప్తిగా గేరు మార్చింది. వెనక సీట్లో అతియా ఫైలులో ముఖం దాచుకుంది. ఏడుస్తోందనుకుని డాక్టర్ అద్దంలోంచి ధైర్యం చెప్పింది.

కేంద్రం దగ్గరికి చేరేసరికి రెండు నలభై. హాలు నిండా ఫైళ్లు పట్టుకున్న ఆడపిల్లలు, వాళ్ల వెనక గోళ్లు కొరుక్కునే తండ్రులు. అతియా పేరు పిలిచేసరికి రెండు యాభై మూడు. బల్ల వెనక కల్పలత అనే అధికారి ఉంది. పొద్దుటి నుంచి కాగితాలు తిరగేసి ఆవిడ గొంతు బొంగురుపోయింది. డాక్టర్ వసుధ కూడా బల్ల దాకా వచ్చి నిలబడింది. వద్దనే ధైర్యం జిలానీకి లేకపోయింది.

కల్పలత ఒక్కో కాగితం పేరు పైకి చదువుతూ టిక్కు పెట్టసాగింది.

"పదో తరగతి, ఇంటర్ మెమోలు. ఉన్నాయి. బీఎస్సీ నాలుగేళ్ల మార్కులు. యాభై ఐదు శాతానికి తగ్గకూడదు, అరవై ఎనిమిది, ఓకే. నర్స్ రిజిస్ట్రేషన్, మిడ్‌వైఫ్ రిజిస్ట్రేషన్, రెన్యువల్."

డాక్టర్ వసుధ బ్యాగు సర్దుకుంటున్నదల్లా ఆగింది.

"అనుభవం, ఏడాదికి తక్కువ కాకుండా. లెటర్‌హెడ్, స్టాంపు, చేరిన తేదీ. ఉన్నాయి. మెడికల్ ఫిట్‌నెస్."

డాక్టర్ తల మెల్లగా జిలానీ వైపు తిరగడం మొదలుపెట్టింది.

"కాండక్ట్. మైగ్రేషన్. ఫోటోలు నాలుగు, వైట్ బ్యాక్‌గ్రౌండ్." కల్పలత ఆశ్చర్యంగా తలెత్తింది. "పొద్దుటి నుంచి ఇంత పూర్తిగా తెచ్చినవాళ్లు మీరొక్కరే. ఎవరమ్మా దగ్గరుండి సర్దింది?"

 జిలానీ నేల వైపు చూశాడు. నేలలో దిగిపోయే వీలుందేమో అని పలకల మధ్య సందులు కూడా చూశాడు.

"జిలానీ గారూ," అంది డాక్టర్ వసుధ చాలా నెమ్మదిగా. "ఆ పెళ్లికొడుకు తల్లి ఈ కాలేజీలో పనిచేస్తారా?"

"లేదు మేడం." జిలానీ రెండు చేతులూ జోడించాడు. "ఆమె నా చెల్లె."

"పెళ్లికొడుకు?"

"చెల్లె కొడుకు మేడం. వానికేం తెల్వది."

డాక్టర్ చెయ్యి బల్ల మీద ఉన్న ఫిట్‌నెస్ కాగితం మీదికి వచ్చి ఆగింది. తన సంతకం, తన స్టాంపు. తీసుకుని చించితే అడిగేవాడు లేడు. గోడ మీద గడియారం రెండు యాభై ఏడు చూపిస్తోంది. కల్పలత వాళ్ల ముఖాలు చూసి కలం పక్కన పెట్టింది.

"ఏంటి మేడం? ఈ కాగితాలు మీ హాస్పిటల్‌వేనా? ఇందులో ఏదైనా తప్పుందా?"

అతియా బల్ల అంచు పట్టుకుంది. 

"మాకెందుకు చెప్పలేదు?" అని డాక్టర్ ఆమెనే అడిగింది.

"నిరుడు హదస్సా చెప్పింది మేడం. తాళంచెవి తొమ్మిది రోజులు దొరకలే. ఆమె సీటు పోయింది."

డాక్టర్ వసుధకు ఆ సంగతి తెలియదని ఆమె ముఖంలోనే కనబడింది. తెలియకపోవడం కూడా తన తప్పేనని అర్థమైనట్టుంది. ఫిట్‌నెస్ కాగితం మీది నుంచి చెయ్యి తీసేసింది.

"కాగితాల్లో తప్పేం లేదండీ," అంది కల్పలతతో. "మిగతాదంతా అబద్ధం. అది మీ జాబితాలో లేదు."

టిక్కు పడింది. స్టాంపు పడింది. రెండు యాభై తొమ్మిదికి అతియా చేతిలో ప్రవేశం రసీదు ఉంది. జిలానీ గోడ పక్కన ఉన్న కుర్చీలో కూలబడి, ఎవరో సగం తాగి వదిలేసిన నీళ్ల సీసా ఎత్తి మొత్తం తాగేశాడు.

డాక్టర్ వరండాలోకి వెళ్లి సత్యదేవ్‌కు ఫోన్ చేసింది. సాయంత్రానికి ఎవరి ఫైలు వాళ్ల చేతిలో ఉండాలని చెప్పింది. అవతల ఆయన గొంతు హాలులోకి కూడా వినిపించింది. "మేడం, కాగితాలు ఇచ్చేస్తే అందరూ వెళ్లిపోతారు!"

"ఉంచుకుని మాత్రం ఎవర్ని ఆపారు? ఆ కాగితాల కోసం ఈ పిల్ల ఏకంగా ఒక అత్తవారింటినే తయారుచేసుకుని వచ్చింది."

ఆ సాయంత్రం సీతాఫల్‌మండిలో జిలానీ ఇంట్లో మిఠాయి పెట్టె తెరిచారు. షాహీదా నవ్వుతూ ఏడుస్తోంది. నిఖత్ తన పాత్రను మొదటి నుంచి అభినయించి చూపిస్తోంది. గేదె పళ్ల దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలో హుజైఫా నిలబడి ఉన్నాడు. ఆఫీసు బ్యాగు భుజానే ఉంది. ముఖం వాడిపోయి ఉంది. తల్లిని పట్టించుకోకుండా సరాసరి మేనమామ దగ్గరికి వచ్చాడు.

"మామూ, ఒక్క మాట అడుగుత, నిజం చెప్పుండ్రి. ఇదివరకు నాలుగు సంబంధాలోళ్లు నన్ను చూసినంక వద్దన్నరు. ఇయ్యాలటోళ్లు చూడకముందే ఫోన్ చేసి, అమ్మీ మాటలు ఒంకగ పెట్టి వద్దన్నరు. నాలో ఏం లోపమున్నది?"

నిఖత్ చేతిలో మిఠాయి ముక్క నోటి దాకా వెళ్లి ఆగింది. అతియా వంటింట్లోకి వెళ్లిపోయింది. అంతా వివరంగా చెబుదామని జిలానీ గొంతు సవరించుకున్నాడు. చెబితే వాడు ఆ డాక్టర్‌కు తిరిగి ఫోన్ చేసి క్షమాపణ కోరేంత మంచివాడు. ఆ డాక్టర్ ముందు మరోసారి తలవంచుకునే ఓపిక జిలానీకి ఇవాళ్టికి లేదు. మిఠాయి పెట్టె మేనల్లుడి ముందుకు జరిపాడు.

మొత్తానికి ఆనాటి బేరంలో అందరికీ లాభమే వచ్చింది. బేరంలో లేని మనిషి ఒక్కడే నష్టపోయాడు.